మూడో ప్రకటన

కొల్లేరు గట్టు,
బుధవారం, 21-6-2006.

నా బంగారుతల్లి బిందుకు,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలని వేడుకుంటూ అమ్మ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మన మేకా, దాని పిల్లా అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. గూడెంలో నువ్వూ పెద్దమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. భోజనాలయ్యాక పిల్లలకి ఎక్కాలు రాయమని చెప్పి, స్కూల్లో కూచుని ఇది రాస్తున్నాను. ఇంట్లో రాసే వీలు లేదు. ఫోనులో చెబుదామంటే, ఫోను మోగిందో లేదో మీ నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూచుంటున్నారు. నువ్వు ఇంటికి కాకుండా స్కూలు అడ్రసుకి ఉత్తరం రాయడం చాలా మంచిపని. ఆ తెలివి నా వైపు నుంచి వచ్చిందే, మీ నాన్న వైపు నుంచి మాత్రం కాదు.

నీ ఉత్తరంలో చిన్నవీ పెద్దవీ బోలెడు ప్రశ్నలున్నాయి. చిన్నవాటితో మొదలుపెడతాను, ఏమీ అనుకోకు. మేకపిల్ల తెల్లదే, చెవులు మాత్రం నల్లగా ఉన్నాయి. నీ డిగ్రీ పుస్తకాలు ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా. పెద్దమ్మ పప్పులో ఉప్పు తక్కువేస్తుందని రాశావు. తనకి బీపీ, నువ్వు సర్దుకో. నెల సరిగ్గా వచ్చిందని రాశావు చూడూ, ఆ ఒక్క ముక్కా చదివి బల్ల మీద తల పెట్టుకుని కూచున్నాను. పిల్లలు 'టీచరుగారు నిద్రపోయారోయ్' అనుకున్నారు.

ఊరి సంగతులు అడిగావు. ఊరు కంపు కొడుతోంది. కొల్లేట్లో చేపల చెరువులు తీసెయ్యాలని గవర్నమెంటు పంపిన పొక్లెయిన్లు ఇంకా మనవైపే తిరుగుతున్నాయి. ప్రసాదరావు గారి పెద్ద చెరువు గట్టు కూడా మొన్న తెంపేశారు. చేపపిల్ల అంతా బురదలో కొట్టుకుని చచ్చింది. కిటికీలు మూసుకుని అన్నం తింటున్నాం. అంతటి మనిషి, సంఘ పెద్ద, ఆ గట్టు మీద కూచుని ఏడ్చాడట. ఆయన చెరువుల మీదే మీ నాన్న ఇన్నేళ్ళూ బతుకు వెళ్ళదీశారు కాబట్టి మన ఇంట్లో కూడా చావు ఇంట్లో ఉన్నట్టే ఉంది. నువ్వు అడగలేదు గానీ నేనే చెబుతున్నాను. ఆ గట్టు మీది కాపలా పాక పోయింది. చూసి రావాలనిపించి వెళ్ళాను. తాటాకులు బురదలో తేలుతున్నాయి. అక్కడే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను, వినడానికి కొంగలు తప్ప ఎవరూ లేరు.

వెస్లీ మన ఇంటికి వస్తున్నాడా అని అడిగావు. వస్తున్నాడమ్మా. అబద్ధం చెప్పి ఏం లాభం? ప్రసాదరావు గారి కొడుకునన్న ధీమాతో గుమ్మం దగ్గర చెప్పులు కూడా విప్పడం లేదు. చర్చిలో అయ్యగారు మీ పెళ్ళి మొదటి ప్రకటన చదివిన ఆదివారం వచ్చి అరుగు మీద కూచున్నాడు. రెండోది చదివిన ఆదివారం లోపలికొచ్చి నీ మంచం మీద కూచున్నాడు. గోడ మీద నీ ఇంటర్మీడియట్ ఫోటో తీసి చూసి, తిరిగి పెట్టకుండా జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు బాబూ, అక్కడ పెట్టెయ్" అన్నాను.

"ఇంకెన్నాళ్ళండీ అత్తయ్యగారూ, మనిషే మా ఇంటికి వచ్చేస్తుంటే ఫోటోకి అడుగుతారేంటండీ" అని నవ్వాడు. లేస్తూ నా చెవి దగ్గరికి వంగి, "ఫోను చేస్తే మాట్లాడట్లేదండీ మీ అమ్మాయి. పర్లేదులెండి, ఆ బాకీలన్నీ పెళ్ళయ్యాక నేను చూసుకుంటాను" అన్నాడు. అంత మర్యాదగా అన్నాడు. నా చేతిలో గరిటె ఉంది. వాడి నెత్తిన ఒక్కటి వేస్తే పోయేది కదా అని ఇప్పటికీ అనిపిస్తోంది.

ఇప్పుడు నీ పెద్ద ప్రశ్నకి వస్తాను. నువ్వు రాసిన ముక్కని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, తప్పుగా అర్థం చేసుకున్నానేమో చూడు. 'అమ్మా, పేపర్లో అత్యాచారం అని వేస్తారు కదా, నాకు జరిగింది దాని కిందికి వస్తుందా? నేను అరవలేదు. వాడి బండి నా అంతట నేనే ఎక్కాను. ఒంటి మీద దెబ్బలు కూడా లేవు. మరి పెద్దలు అన్నట్టు అది తొందరపాటేనా?' అని రాశావు.

ఆ మాట ఎవరు పెట్టారో గానీ ఊళ్ళో అందరి నోటా అదే. పిల్లలు తొందరపడ్డారు! ఈస్టరు పాటల ప్రాక్టీసు నుంచి ఇంట్లో దింపుతానని ఎక్కించుకుని గట్టు మీదికి తీసుకుపోయినవాడు తొందరపడ్డాడట. వద్దు వద్దని ఏడ్చిన నువ్వు కూడా తొందరపడ్డావట. అందుకని సంఘం మీ ఇద్దర్నీ కలిపి ప్రభు బల్లకి వచ్చి రొట్టె తీసుకోకుండా ఆపింది. వాడితో సమానంగా నీకూ శిక్ష! ఇద్దరికీ పెళ్ళి చేసేస్తే ఇద్దర్నీ కలిపి మళ్ళీ బల్లకి చేర్చుకుంటారట. ఇది మన సంఘంలో తాతల నాటి పద్ధతి, మీ నాన్న కూడా దానికి తల ఊపారు. పోలీసుల దగ్గరికి వెళ్దామన్నాను నేను. "అంతగా కావాలంటే చెయ్యి పట్టుకున్నాడని రాసివ్వండమ్మా, మందలించి వదిలేస్తారు. మీ పిల్ల పరువూ దక్కుద్ది" అన్నారు ప్రసాదరావు గారు. ఎంత దయో చూడు.

నీ ప్రశ్నకి నాకు జవాబు తెలియదు. పాఠం చెప్పేదాన్నే గానీ ఇది ఏ పాఠంలోనూ రాలేదు. అందుకని సోమవారం సెలవు పెట్టి, నీ పెళ్ళికి తెల్ల చీర చూసొస్తానని మీ నాన్నకి చెప్పి, ఏలూరు వెళ్ళాను. మా హెడ్మిస్ట్రెస్ చెప్పిన లాయరమ్మ, నాగవల్లి గారని, కోర్టు దగ్గర చిన్న గదిలో ఉంటారు. నాకన్నా చిన్నది. మొహం చూసి ఈ పిల్లకేం తెలుసులే అనుకున్నాను. కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పేదంతా మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విన్నారు. నీ పేరు చెప్పలేదు నేను, ఆవిడా అడగలేదు.

"అరవలేదండీ మా పిల్ల" అన్నాను, ముందు అదే నోట్లోంచి వచ్చింది.

"అరవాలని చట్టంలో ఎక్కడా లేదండీ. దెబ్బలుండాలనీ లేదు. ఇష్టం లేకుండా, సమ్మతి లేకుండా చేశాడా లేదా, అదొక్కటే అడుగుతుంది చట్టం. భయంతో ఊరుకుంటే దాన్ని సమ్మతి అనరు."

"బండి తనంతట తనే ఎక్కిందండీ."

"ఇంటికి వెళ్ళడానికి ఎక్కిందండీ. దానికే ఒప్పుకుంది, ఇంకోదానికి కాదు."

ఈ ముక్క నువ్వు మళ్ళీ చదువుకో తల్లీ. నేను బస్సులో వస్తూ దారంతా అనుకుంటూనే వచ్చాను.

పోలీసు కాగితాల్లో దీన్ని మానభంగం అంటారట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. "ఎవరి మానం అండీ భంగమైంది? మా పిల్ల మానం ఎక్కడికీ పోలేదు" అన్నాను గట్టిగానే. గదిలో గుమస్తా తలెత్తి చూశాడు. నాగవల్లి గారికి కోపం రాలేదు. "మీరన్నది నిజమేనండీ. మూడువందల డెబ్భై ఐదో సెక్షను మొత్తం చదివినా అందులో మానం ఊసు లేదండీ, పరువు ఊసూ లేదు. ఉన్నదంతా సమ్మతి గురించే. పేరు మనవాళ్ళు పెట్టుకున్నారు" అన్నారు. చెయ్యి పట్టుకోవడం, మీద పడటం వేరే సెక్షనట, ప్రసాదరావు గారు మనల్ని అందులోకి దింపుదామని చూశారన్నమాట. నీకు జరిగింది ఆ చిన్నది కాదు, పెద్దదే. రాజీ చేసుకోవడానికి వీల్లేని నేరమట. ఇద్దరు పెద్దమనుషులు కూచుని కొట్టేస్తే పోదు. కేసు పెడితే నీ పేరు పేపర్లో వెయ్యకూడదట, విచారణ కూడా తలుపులు మూసి చేస్తారట. నువ్వెలాంటి పిల్లవని అడిగే హక్కు వాళ్ళ లాయరుకి ఇదివరకు ఉండేదట, అది మూడేళ్ళ కిందట తీసేశారట. 'అయినా అడుగుతూనే ఉంటారండీ, మీరు గట్టిగా ఉండాలి' అని కూడా చెప్పారు. ఆవిడ నాకు తీపి కబుర్లు చెప్పలేదు, అందుకే నమ్మాను.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు, అవును బిందూ. వస్తుంది. అది తొందరపాటు కాదు.

తర్వాత నేనే ఇంకో ప్రశ్న అడిగాను. "పెళ్ళి చేసేస్తే ఏమవుతుందండీ?"

"జరిగినదాన్ని పెళ్ళి చెరపదండీ. కానీ కోర్టులో భర్త మీద సాక్ష్యం చెప్పనిచ్చేదెవరు? కేసు నిలబడదు. దానికన్నా ఘోరం ఇంకోటి ఉంది" అని పుస్తకం తిప్పి నా ముందు పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. చివర్లో మినహాయింపు అని ఒకటి రాశారు. భార్యకి పదిహేనేళ్ళు నిండితే, ఆమెతో భర్త ఏం చేసినా అది ఈ నేరం కిందికి రాదట.

"ఆమెకి ఇష్టం లేకపోయినా అండీ?"

"లేకపోయినానండీ."

"ఏడ్చినా?"

ఆవిడ తల ఊపారు. ఆ బాకీలన్నీ పెళ్ళయ్యాక చూసుకుంటానని వాడు ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. వాడు ఈ పుస్తకం చదివి ఉండడు. చదవక్కర్లేదు, వాడికి తెలుసు. ఇప్పుడు వాడు చేసినదానికి ఒక పేరుంది. మూడో ప్రకటన అయిపోయి, అయ్యగారు మీ ఇద్దరి చేతులూ కలిపిన రోజు నుంచి వాడు రోజూ అదే చేసినా దానికి చట్టంలో పేరు కూడా ఉండదు. మేమే ముస్తాబు చేసి, పాటలు పాడి, నిన్ను ఆ గట్టు మీదికి మళ్ళీ తోలుతున్నాం.

సాయంత్రం ఇంటికొస్తే మీ నాన్న గుమ్మంలోనే అడిగారు. "చీర దొరికిందా?"

"రంగు నచ్చలేదండీ."

"తెల్ల చీరలో రంగేమిటే?" అని నవ్వారు. అంతటితో ఊరుకోలేదు. కాఫీ తనే కలిపి తెచ్చిచ్చి పక్కన కూచున్నారు. "సలోమీ, నువ్వు మనసులో ఏదో పెట్టుకుని తిరుగుతున్నావు. పిల్ల మొదట్లో ఏడుస్తుంది, తర్వాత అదే సర్దుకుంటుంది. మనం బాగోలేమా ఏంటి?" అన్నారు.

కాఫీ తాగేశాను.

బిందూ, ఇక్కడిదాకా రాసి లేచి వెళ్ళి పిల్లల పలకలన్నీ దిద్దాను. చేతికి పని దొరికితే ఇది రాయకుండా తప్పించుకోవచ్చని. తప్పేలా లేదు. మీ నాన్న ఆ ముక్క ఎందుకన్నారో నీకు తెలియదు. మీ పెద్దమ్మకి తెలుసు, తను ఎప్పుడూ నోరెత్తలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా నేను కూడా చచ్చేవరకు చెప్పకూడదనే అనుకున్నాను.

నాకు అప్పుడు నీ వయసు కూడా లేదు. ముదినేపల్లి దగ్గర మా ఇంట్లో అందరూ కోతలకి పోయారు. మంచాన పడ్డ మా నాయనమ్మకి తోడుగా నన్ను వదిలారు. మీ నాన్న మా అన్నయ్య స్నేహితుడు, ఇంట్లో మనిషిలా తిరిగేవారు. మంచినీళ్ళు అడిగారు, ఇచ్చాను. పట్టపగలు. వద్దన్నాను, చేతులెత్తి దణ్ణం పెట్టాను. నువ్వు అరవలేదని అంత బాధపడుతున్నావే, నేనూ అరవలేదు. అరిస్తే నాయనమ్మ కంగారుపడి మంచం మీంచి దొర్లి పడిపోతుందేమోనని భయం. అప్పుడు నాకొచ్చిన ఆలోచన అదొక్కటే.

తర్వాత అంతా నీకు తెలిసిన పద్ధతే. ఇద్దర్నీ బల్లకి రానివ్వలేదు. మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరముందా అని అయ్యగారు అడిగినప్పుడల్లా నాకు లేచి అరవాలని ఉండేది. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూచునేది. పెళ్ళయింది. చాలా ఏళ్ళు రాత్రిళ్ళు భయపడ్డాను. తర్వాత మొద్దుబారిపోయాను. దాన్నే మీ నాన్న సర్దుకోవడం అనుకుంటున్నారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, బుర్రలో పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. నువ్వు పెళ్ళయిన నాలుగేళ్ళకి పుట్టావు. నాకు పిల్ల కావాలి అని నేను నోరు తెరిచి అడిగి మరీ కన్నాను. నిన్ను చూసుకునే నేను మళ్ళీ మనిషినయ్యాను. మీ నాన్నకి నువ్వంటే ప్రాణం, అది అబద్ధం కాదు. నీ జ్వరాలకి నాతో సమానంగా మేలుకున్నారు. నన్ను ఏనాడూ కొట్టలేదు. కానీ తను చేసినదాన్ని ఒక్కసారి కూడా తప్పని అనలేదు బిందూ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా. ఇప్పుడు దాన్నే మంచి వైద్యంలా నీకు కూడా పట్టిస్తున్నారు. నాకు ఆయన మీద జాలీ ఉంది, అసహ్యమూ ఉంది. ఆ రెండూ పెట్టుకునే ఆయనకి అన్నం వడ్డిస్తున్నాను.

నాగవల్లి గారిని ఇంకోటి కూడా అడిగాను. "ఇలాంటిది జరిగి చాలా ఏళ్ళయిపోతే, పెళ్ళికి ముందుదే అనుకోండి, అప్పుడు కూడా దాని పేరు అదేనా అండీ?"

"అదేనండీ. ఎన్నేళ్ళయినా" అన్నారు. నీ గురించే అడుగుతున్నాననుకుని, ఆలస్యం చెయ్యకండి అని కూడా అన్నారు.

ఇక చెయ్యాల్సింది చెబుతున్నాను, జాగ్రత్తగా చదువు. ఈ ఉత్తరం శుక్రవారానికల్లా నీకు అందుతుంది. వెస్లీ శనివారం గూడెం వచ్చి నిన్ను కలుస్తానన్నాడు. మీ నాన్న పెద్దమ్మ ఇంటి అడ్రసు రాసిచ్చేశారు. శుక్రవారమే బయల్దేరు. తణుకులో నాగవల్లి గారి అక్క సరళ గారు ఉన్నారు, స్కూలు టీచరు. అడ్రసు ఈ ఉత్తరంతో పాటు విడి కాగితం మీద పెట్టాను. పిల్ల ఒకతి వస్తుందని నాగవల్లి గారు ఆవిడకి చెప్పి ఉంచారు, నీ కోసం చూస్తుంటారు. ఎక్కడికి వెళ్తున్నావో పెద్దమ్మకి కూడా చెప్పకు. తను మంచిదే గానీ మీ నాన్న గట్టిగా అడిగితే చెప్పేస్తుంది.

ఆదివారం మూడో ప్రకటన. పోయిన వారం ఆరాధన అయ్యాక మన నిత్యానందం అయ్యగారిని అడిగాను. "ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే ఏం చేస్తారండీ?"

"నా సర్వీసులో ఎవరూ లేవలేదమ్మా. లేస్తే మాత్రం కారణం సంఘం ఎదుటే చెప్పమనాలి. తగిన కారణమైతే పెళ్ళి ఆపాలి. ఎందుకమ్మా?"

"ఊరికేనండీ" అన్నాను.

పెళ్ళి ఇష్టం లేదని నువ్వు రాశావు. ఆ తర్వాత 'మీరిద్దరూ చేసుకోమంటే చేసుకుంటాను' అని కూడా రాశావు. ఆ రెండో ముక్క నేను కొట్టేశాను. మొదటిది పట్టుకుని ఆదివారం నేను లేస్తాను. మీ నాన్న పెద్దల బెంచీలో ఉంటారు, ప్రసాదరావు గారు ఆయన పక్కనే ఉంటారు, వెస్లీ వెనక ఉంటాడు. అయ్యగారు కారణం అడుగుతారు. నీ సంగతి నేను చెప్పను తల్లీ. నీ పేరు నా నోట రాదు. నీకు జరిగింది నీది. పోలీసులకి చెబుతావో, జడ్జీకి చెబుతావో, ఎవరికీ చెప్పవో, నీ ఇష్టం. నువ్వు ఊఁ అనకుండా దాన్ని సంఘంలో పెడితే నేను కూడా నిన్ను అడక్కుండా చేసినదాన్నే అవుతాను.

నాది చెబుతాను. ఈ పద్ధతిలో పెళ్ళయినదాన్ని నేనే అని చెబుతాను. తొందరపాటు అనను. నాగవల్లి గారు నేర్పిన మాటే అంటాను, మీ నాన్న మొహం చూస్తూ.

తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. ఆ రోజు ఇంటికి వెళ్ళనిస్తారో లేదో కూడా తెలియదు. భయంగానే ఉంది, లేదని ఎందుకు బుకాయించాలి? సోమవారం పొద్దున్న బడి గంట కొట్టేలోపు సరళ గారింటికి ఫోను చేస్తాను. నా గొంతు వింటే తప్ప నమ్మకు. అమ్మకి బాగోలేదు, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళమని ఎవరు కబురు చేసినా, మీ నాన్నే ఏడుస్తూ చేసినా, రాకు. తిన్నగా నాగవల్లి గారి దగ్గరికి వెళ్ళు.

ఇట్లు,
నిన్ను కోరి కన్న
మీ అమ్మ
సలోమి